మన ఊరి లైబ్రరీ: కొత్త పుస్తకాలు, కార్యక్రమాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో కాలవ గట్టునున్న చిన్న శాఖా గ్రంథాలయం మాది. ఒక హాలు, వెనక ఒక గది, ముందు వసారా. ఉద్యోగి అంటూ లైబ్రేరియన్ మేడంగారు ఒక్కరే. కార్యక్రమాలు చూసుకునేది పాఠకుల్లోంచే ఏర్పడ్డ కమిటీ. ఏడాది పొడుగునా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి, అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు రాసి జవాబులు పెట్టాం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసింది చూసుకోండి.

## తలుపు దాటే ముందు

కార్డు లేదండి. ఊరికే కూర్చుని పేపరు చదువుకోవచ్చా?

నిక్షేపంగా చదువుకోవచ్చు. కార్డు అక్కర్లేదు, డబ్బక్కర్లేదు, ఏ ఊరని కూడా అడగం. గుమ్మం పక్క రిజిస్టరులో పేరు రాసి సంతకం పెట్టండి చాలు. ఆ సంతకం మాత్రం మానొద్దు. రోజుకి ఎంతమంది వస్తున్నారో పైవాళ్ళకి చూపించడానికి మా దగ్గరున్న ఆధారం అదొక్కటే. పేపరు షీట్లు విడదీసి పెడతాం, ఒకే పేపరు నలుగురు పంచుకోవచ్చు. ఉద్యోగ ప్రకటన కావాలంటే ఫోన్లో ఫొటో తీసుకోండి, చింపుకుపోకండి.

ఏ టైముకి తీస్తారు? మధ్యాహ్నం ఎప్పుడొచ్చినా తాళమే కనిపిస్తోంది.

పొద్దున్న 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. ఒక్క ఉద్యోగితో నడిచే చోట రెండు పూటల పద్ధతి తప్పదు. పొలం వెళ్ళొచ్చేవాళ్ళకి, బడి పిల్లలకి ఈ వేళలు బాగానే ఉన్నాయి. వంటిల్లు సర్దుకునేసరికి మధ్యాహ్నం రెండయ్యే ఆడవాళ్ళకే కుదరదు. అందుకని బుధవారం 2 నుంచి 4 దాకా కమిటీవాళ్ళు తలుపు తీసి ఉంచుతున్నారు. ఆ రెండు గంటలూ ఆడవాళ్ళకే.

ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయం సెస్సు కడుతూనే ఉన్నాం కదా, మళ్ళీ డిపాజిట్టు ఏంటి?

సరైన ప్రశ్నే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు లైబ్రరీకి 80 రూపాయలు కట్టినట్టు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేస్తుంది. మీరు చదివే పేపరు, కూర్చునే కుర్చీ, కొత్త పుస్తకం చాలావరకు ఆ డబ్బుతోనే. కాబట్టి లోపలికి రావడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు, మీ డబ్బు ముందే ఇక్కడికి వచ్చేసింది.

డిపాజిట్టు సంగతి వేరు. పుస్తకం ఇంటికి తీసుకెళ్తున్నందుకు అది పూచీ. మా దగ్గర ఒక పుస్తకానికి వంద, రెండింటికి రెండొందలు. సభ్యత్వం మానుకున్నరోజున రసీదు చూపిస్తే మొత్తం వెనక్కిస్తాం. రసీదు పారేసుకోకండి.

నాకు చదువు రాదు బాబూ. నేనొచ్చి ఏం చెయ్యాలి?

వినండి. ఆదివారం సాయంత్రం 5 గంటలకి వసారాలో ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. ముందు ఆనాటి పేపరు, తరవాత ఒక కథ. పెన్షను కాగితమో బ్యాంకు నోటీసో అర్థం కాకపోతే పట్టుకురండి, చదివి చెప్పేవాళ్ళు ఉంటారు. వేలిముద్ర మాని సంతకం నేర్చుకుంటామన్నవాళ్ళకి పలకా బలపమూ కూడా ఉన్నాయి. వయసు ఎంతని అడగం.

మాది గోదారి మధ్య లంక. సాయంత్రం పంటు పడవ ఆగిపోతే ఇంటికెళ్ళే దారుండదు. పుస్తకం ఎలా మార్చుకోవాలి?

మీరు రావక్కర్లేదు, పెట్టె వస్తుంది. మూతా తాళమూ ఉన్న రేకు పెట్టెలో పిల్లల బొమ్మల పుస్తకాలు, కథలు, నవలలు, సాగు పుస్తకాలు కలిపి సర్ది, లంకలో ఒక ఇంట్లో ఉంచుతాం. ఆ ఇంటివారే నోటు పుస్తకంలో పేరు రాసుకుని ఇస్తారు. నెలకోసారి పెట్టె మారుస్తాం. పంటు కుర్రాళ్ళు ఇప్పటిదాకా దానికి ఛార్జీ అడగలేదు. గ్రంథాలయ సంస్థల్లో పుస్తక నిక్షిప్త కేంద్రం (లైబ్రరీ లేని చోట కొన్ని పుస్తకాలు ఉంచి ఇచ్చే చోటు) అనే ఏర్పాటు ఉంది, మాది దానికి తమ్ముడి లాంటిది. అంతకన్నా ముందే, 1935లో, పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పి ఊరూరా చదివించారు.

## సభ్యత్వం, ఇంటికి పుస్తకం

కార్డుకి ఏమేం తేవాలి?

ఆధార్ నకలు, ఒక ఫొటో, డిపాజిట్టు డబ్బు. దరఖాస్తు ఇక్కడే ఇస్తాం. అందులో పూచీ సంతకం గడి ఒకటుంటుంది, పాత సభ్యులెవరైనా పెట్టొచ్చు.

మేం రొయ్యల చెరువుల మీద పనికొచ్చాం. ఈ ఊరివాళ్ళం కాదు, మాకిస్తారా?

ఇస్తాం. పూచీ సంతకానికి మీరు పనిచేసే చెరువుల రైతుని గాని, మీ పిల్లల పంతులుగారిని గాని అడగండి. ఆధార్‌లో వేరే ఊరుంటే ఇబ్బంది లేదు, ఇప్పుడుంటున్న చోటు రాస్తే చాలు. ఒడియా, హిందీ పుస్తకాలు మా దగ్గర తక్కువ, బెంగాలీ అసలే లేవు. కావాలని సూచనల పుస్తకంలో రాయండి. అడిగినవాళ్ళుంటేనే తెప్పించమని పైకి గట్టిగా అడగ్గలం.

పిల్లలకి వేరే కార్డా, మా కార్డు మీద తీసుకోవచ్చా?

వేరే కార్డు చేయించండి, తల్లో తండ్రో సంతకం పెడితే సరి. తన పేరుతో కార్డున్న పిల్ల తన పుస్తకాన్ని చూసుకునే తీరే వేరు. ఒక్క మనవి, ఏ పుస్తకం తీసుకోవాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. "ఇదేం పుస్తకంరా, జనరల్ నాలెడ్జి తీసుకో" అని చేతిలోది లాక్కున్న పిల్లాడు మళ్ళీ వారం రాడు. చాలామంది విషయంలో చూశాం.

ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు? ఆలస్యమైతే?

15 రోజులు. ఇంకొకరు అడక్కపోతే ఫోను చేసి మరో 15 రోజులు పొడిగించుకోవచ్చు. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు ఆలస్యమైతే మేం పెద్దగా పట్టించుకోం. జరిమానాకి భయపడి పుస్తకాన్ని అటక మీద దాచేసేవాళ్ళున్నారు. అంతకంటే ఆలస్యంగానైనా తెచ్చివ్వండి.

పుస్తకం పోయిందండి. (ఒకసారి: దూడ నమిలేసిందండి.)

అదే పుస్తకం కొనివ్వండి, లేదా దాని ధర కట్టండి. అచ్చులో లేనిదైతే అదే తరహా పుస్తకం ఇంకొకటి ఇస్తే రిజిస్టరులో సరిచేస్తాం. దూడ నమిలినదానికీ రూలు అదే.

లైబ్రరీ పుస్తకం వానలో తడిసిపోయింది. ఎండలో పెట్టేస్తే ఆరిపోతుంది కదా?

ఎండలో పెట్టకండి. కాగితం ముడుచుకుపోతుంది, అట్ట వంకర తిరుగుతుంది, జిగురు విడిపోతుంది. తడిసిన పేజీలని బలవంతంగా విడదీయనూ వద్దు.

ముందు పుస్తకాన్ని మూసే ఉంచి, పొడి తువ్వాలుతో అద్ది పైనీరు పీల్చండి. బురద అంటుకుంటే తడి మీద రుద్దకండి. ఆరాక మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలావరకు పోతుంది. తరవాత పది పదిహేను పేజీలకొకటి చొప్పున తెల్ల కాగితం దూర్చండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా కాస్త విచ్చుకునేలా ఉంచి, ఫ్యాను గాలి తగలనివ్వండి. కాగితాలు తడిసినప్పుడల్లా మారుస్తూ ఉండాలి. పిల్లల రంగుల పుస్తకాల్లో నున్నటి కాగితం ఉంటుంది. అవి ఆరితే ఒకదానికొకటి అంటుకుని ఇక రావు, కాబట్టి తడి ఉండగానే ప్రతి పేజీకీ కాగితం పెట్టాలి. ఇంకాస్త చెమ్మ ఉండగా మూసి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచితే వంకర తగ్గుతుంది.

మన గాలిలో తేమకి రెండు రోజుల్లో బూజు పట్టేస్తుంది. ఆ రోజు తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టేయండి, తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఇదంతా మాకెందుకంటారా, తడిసింది తడిసినట్టే తెచ్చివ్వండి. దానికి జరిమానా లేదు.

## కొత్త పుస్తకాలు

కొత్త పుస్తకాలు ఎప్పుడొస్తాయి? ఎప్పుడడిగినా "వస్తాయి" అంటారు.

ఖచ్చితమైన నెల లేదు కాబట్టే ఆ మాట. మూడు దారుల్లో వస్తాయి. జిల్లా గ్రంథాలయ సంస్థ కొని శాఖలకి పంచేది ఒకటి. సెస్సు సమయానికి జమ కాకపోతే ఈ కొనుగోలు వెనక్కి జరుగుతుంది. కేంద్ర ప్రభుత్వం 1972లో పెట్టిన, కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయంతో వచ్చేది రెండోది. దాతలు ఇచ్చేది మూడోది.

కట్ట వచ్చినరోజున బల్ల మీదకి చేరదు. ప్రతి పుస్తకానికీ రిజిస్టరులో వరస నంబరు వెయ్యాలి, ముద్ర కొట్టాలి, వీపు మీద చీటీ అంటించాలి. ముద్ర ముందు పేజీలోనే కాదు, లోపల ఒక నిర్ణీత పేజీలో కూడా పడుతుంది. అట్ట, ముందు పేజీలు చింపేసి అమ్ముకున్నా పుస్తకం ఎవరిదో తెలియడానికి. అది ఏ పేజీయో చెప్పం. ఈ పనికి నాలుగైదు రోజులు పడుతుంది. తరవాత రెండు వారాలు కొత్త పుస్తకాలు గుమ్మం దగ్గర బల్ల మీదే ఉంటాయి, ఆపైన బీరువాల్లోకి వెళ్తాయి.

బీరువాలకి తాళాలెందుకు? పుస్తకం ముట్టుకోకుండా ఎలా ఎంచుకుంటాం?

తాళం వెనక భయం ఉంది. పుస్తకాల లెక్క చూసినప్పుడు తగ్గితే జవాబు చెప్పాల్సింది లైబ్రేరియన్. ఎక్కడైనా అంతే. అయినా తాళం వేసిన బీరువాలో పుస్తకాన్ని ఎవరు చదువుతారు? చెద పురుగు తప్ప. అందుకే ఇప్పుడు హాల్లో బీరువాలన్నీ తెరిచే ఉంటాయి. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, పాత పత్రికల బైండు సంపుటాలు మాత్రం వెనక గదిలో తాళం వేసి ఉంటాయి. అడిగితే తీసిస్తాం, ఇక్కడే కూర్చుని చూసుకోవాలి.

పుస్తకం వీపు మీద 894.827 అని ఉంటుంది. అదేం నంబరు?

డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు అది. ప్రపంచంలో ఈ పద్ధతి పాటించే ఏ లైబ్రరీకి వెళ్ళినా తెలుగు కథలూ కవిత్వమూ ఆ నంబరు దగ్గరే ఉంటాయి. 633.18 వరి, 636 పశువులు, 639 కింద చేపలూ రొయ్యలూ, 641.5 వంట. నంబర్లు గుర్తుండనక్కర్లేదు, బీరువాల మీద తెలుగులో పెద్దక్షరాలతో రాశాం. తీసిన పుస్తకాన్ని మీరు మళ్ళీ అరలో పెట్టకండి, బల్ల మీద వదిలేయండి. తప్పు అరలోకి వెళ్ళిన పుస్తకం పోయినదానితో సమానం.

నాకు కావలసిన పుస్తకం ఫలానా. తెప్పించగలరా?

కౌంటర్ మీద సూచనల పుస్తకం ఉంది. పుస్తకం పేరు, రచయిత, తెలిస్తే ప్రచురణకర్త రాయండి. "మంచి నవలలు తెప్పించండి" అని రాస్తే మేం చేయగలిగింది లేదు. ఒకే పుస్తకాన్ని ఇద్దరు ముగ్గురు అడిగితే అది జాబితాలో పైకెక్కుతుంది. పాతవీ అరుదైనవీ అయితే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో వెతకడం మేలు. 1898 నుంచి పోగైన సంపద అక్కడుంది. భీమవరం వైపు వాళ్ళకి కుముదవల్లిలో 1897లో మొదలైన వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం దగ్గర. ఒక పల్లెటూళ్ళో అంతకాలంగా ఉన్న లైబ్రరీని పుస్తకం కోసం కాకపోయినా ఒకసారి చూసి రావచ్చు.

డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ పుస్తకాలు ఇంటికెందుకివ్వరు?

ఒక్కో పుస్తకానికి ఎదురుచూసేవాళ్ళు చాలామంది. ఇంటికిస్తే ఒక్కడే చదువుతాడు, మిగతావాళ్ళు తిట్టుకుంటారు. హాల్లో వాళ్ళకోసం కిటికీ పక్క బల్ల కేటాయించాం, సాయంత్రం లైటు అక్కడ బాగుంటుంది. నోటిఫికేషన్ వచ్చిన నెలల్లో రాత్రి 9 దాకా కమిటీవాళ్ళు హాలు తీసి ఉంచుతారు.

పుస్తకం ముందు ముద్రణ సంవత్సరం చూడండి. గణితం, రీజనింగ్, పాత చరిత్రకి పాత ఎడిషన్ చాలు. రాష్ట్ర భూగోళానికి, పాలనకి చాలదు. 2022 ఏప్రిల్ 4కి ముందు అచ్చయినదాంట్లో రాష్ట్రానికి 13 జిల్లాలే ఉంటాయి. కోనసీమ అనే జిల్లాయే ఉండదు. మీ జిల్లా పేరు మీరే తప్పు రాసొస్తారు.

వరి మీద, రొయ్యల మీద పుస్తకాలున్నాయా? మందులు ఎంత కొట్టాలో తెలియాలి.

పుస్తకాలున్నాయి. మందుల మోతాదు కోసం మాత్రం మా బీరువాని నమ్ముకోకండి. పురుగులు, తెగుళ్ళ గుర్తులు, నేల, నీటి యాజమాన్యం, కోత తరవాతి జాగ్రత్తలు, ఇవి పాత పుస్తకంలోనివైనా పనికొస్తాయి. మందుల పేజీ అలా కాదు. 2011కి ముందు పుస్తకాల్లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లమని రాసి ఉంటుంది. ఆ ఏడాది సుప్రీంకోర్టు దాన్ని ఆపించింది. చెరువుల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులు నిషేధం. వాటి ఆనవాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కొస్తుంది. అలాంటి పేజీల మీద ఎర్ర చీటీ అంటించాం, చింపలేదు. మందు సంగతి వ్యవసాయాధికారిని, మత్స్యశాఖ వాళ్ళని అడగండి.

విత్తనాల గురించి చదవాలనుకునేవాళ్ళకి చిన్న కిటుకు. వరి రకం పేరులో ఎంటీయూ అని ఉంటే అది మన మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టింది. మీరు వేసే స్వర్ణ కూడా ఎంటీయూ 7029 నంబరు రకమే. కొబ్బరి మీద అంబాజీపేట పరిశోధనా స్థానం కరపత్రాలు విడిగా ఫైలులో పెట్టాం.

చందమామ, విపుల, చతుర వస్తున్నాయా?

వాటి అచ్చు ఆగిపోయింది. 1947 జూలైలో మొదలైన చందమామ కొత్త సంచిక రావడం మానేసి పదేళ్ళు దాటింది. పాత సంచికలు బైండు చేసినవి కొన్ని ఉన్నాయి. పిల్లలకంటే తాతగార్లే ఎక్కువ అడుగుతారు.

పుస్తకం పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపుతారా?

పంపం. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు గడిచేదాకా ఆ పుస్తకం హక్కులు వారసులవి. ఆ గడువు దాటినవి కొన్ని తెలుగు వికీసోర్స్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో పాఠ్య పుస్తకాల సరుకు బోలెడుంది. ఎలా వెతకాలో తెలియకపోతే ఫోను పట్టుకురండి, చూపిస్తాం.

## కార్యక్రమాలు

వేసవి శిబిరం ఎప్పుడు? ఏం నేర్పుతారు?

బడులకి సెలవులిచ్చాక, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా. పొద్దున్న 8 నుంచి 11. అప్పటికి కాలవలు కట్టేస్తారు, ఈతలుండవు. పిల్లలకి మామిడి తోటలు తప్ప వేరే పని ఉండదు. అదే మాకు కలిసొచ్చింది.

చదరంగం, బొమ్మలు, కాగితం పడవలు, కాస్త ఇంగ్లీషు, అన్నీ ఉంటాయి. కానీ శిబిరానికి ప్రాణం మొదటి అరగంట. ఇద్దరిద్దరు పిల్లలు జతగా కూర్చుంటారు. ఒకరు ఒక పేజీ పైకి చదవాలి, రెండోవారు విని కథ ఏమైందో చెప్పాలి, తరవాత వంతులు మారతాయి. హాలంతా తేనెపట్టు కదిలించినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేం లైబ్రరీ, ఇంత గోలేంటని చిరాకుపడతారు. ఐదో తరగతి పాసైనా కూడబలుక్కుని చదివే పిల్లలు ఈ గోలలోనే భయం తీరి దారిలో పడుతున్నారు. పెద్దవాళ్ళు వింటుంటే నోరు పెగలని పిల్లవాడు సాటి పిల్లాడి ముందు చదివేస్తాడు. పక్కన కూర్చుని తప్పులు దిద్దకండి, అదొక్కటే తల్లిదండ్రులకి మేం పెట్టిన షరతు.

శుక్రవారాలు శిబిరం ఉండదు. మజ్జిగ ఇస్తాం, గ్లాసు మీరే తెచ్చుకోవాలి.

ట్యూషను లాగా హోంవర్కు చేయిస్తారా?

చేయించం. ట్యూషన్లు ఊళ్ళో చాలా ఉన్నాయి.

సాయంత్రం కార్యక్రమమైతే మా అమ్మాయి చీకట్లో ఎలా వస్తుంది?

పిల్లల కార్యక్రమాలన్నీ 6 గంటలకల్లా ముగిస్తాం. గట్టు దారి, చెరువుల దారి అని రెండు జట్లుగా చేసి కమిటీలో ఒక ఆడమనిషి తోడు వెళ్తారు. ఎవరింటికి ఎవరు చేర్చారో నోటు పుస్తకంలో రాస్తాం. వాన గట్టిగా పట్టిన రోజు పంపొద్దు, మేమూ పెట్టం.

బుధవారం పుస్తక చర్చకి పుస్తకం మొత్తం చదివే రావాలా?

అక్కర్లేదు. సగం చదివినవాళ్ళు, అసలు చదవనివాళ్ళు, మొదలుపెట్టి విసుగేసి మూసేసినవాళ్ళు, అందరూ వస్తారు. విసుగేసిందని చెప్పడమూ చర్చే. ఆమధ్య ఒక నవలలో కోడలు పుట్టింటి పొలం అమ్మనని మొండికేస్తే, ఆమెది తప్పా ఒప్పా అని మొదలైన వాదన వీలునామాల దాకా వెళ్ళింది. "ఆడపిల్లకి వాటా ఎప్పటినుంచి వదినా?" అన్న ప్రశ్నకి ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు లేదు. మరుసటి బుధవారం చట్టాల బీరువాలోంచి పుస్తకం దిగింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉందనీ, అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదనీ, 2005లో దేశమంతటా చట్టం మారాక ఆ తేడా పోయిందనీ చదివి వినిపించారు. ఆ పుస్తకం తరవాత చాలాకాలం అరలోకి తిరిగి రాలేదు, చేతులు మారుతూనే ఉంది. ఊడ్పుల రోజుల్లో చర్చ ఉండదు.

మా ఆవిడ కువైట్‌లో ఉంది. పిల్ల చదువుతుంటే తను వినే ఏర్పాటేమైనా ఉందా?

ఉంది. వెనక గదిలో తలుపు వేసుకుని పిల్ల కథ చదువుతుంది, మీ ఫోన్లోనే రికార్డు చేసి పంపుకోవచ్చు. అక్కడ పని తెమిలాక రాత్రి ఆవిడ వింటారు. నేరుగా ఫోను చేస్తే ఆవిడకి తీరిక ఉండకపోవచ్చు, కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి మీటింగు పెడతారటగా, ఏజెంట్లు వస్తారా?

ఏజెంట్లని రానివ్వం. పాస్‌పోర్టులో ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర ఉంటే ఏమిటి అర్థం, అలాంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలన్న నిబంధన, ఏజెంటుకి లైసెన్సుందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఎలా చూడాలి, ఇవి కంప్యూటర్లో చూపిస్తాం. వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు తమ అనుభవాలు చెబుతారు, అది ఏ పుస్తకంలోనూ దొరకదు. విజిట్ వీసా మీద పని ఇప్పిస్తామన్నవాళ్ళ పేరు చెబితే ఆ రోజు సభ బాగా వేడెక్కుతుంది.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబరులోనే ఎందుకు? అప్పుడు కోతలు కదా.

దేశమంతటా నవంబరు 14 నుంచి 20 దాకా జరుపుతారు, 1968 నుంచి అదే రివాజు. 1919లో మొదటి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ మద్రాసులో జరిగింది కూడా నవంబరు 14నే. దాని వెనకున్నది 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, దాన్ని నడిపించినది మన కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు. గోదావరి జిల్లాల పిల్లలకి ఆ పేరు తెలియకపోవడం బాగోలేదు, అందుకే వారోత్సవాల్లో ఒక పూట ఆయన గురించే.

సార్వా కోతలకి అడ్డం రాకుండా పెద్దల కార్యక్రమాలు సాయంత్రం 6 తరవాతే. తుపాను కబురొస్తే వాయిదా.

వారోత్సవాలంటే ఉపన్యాసాలూ సన్మానాలే కదా, మేమెందుకు రావాలి?

నిజమే, అలాగే ఉండేది. వేదిక మీద పదిమంది, కింద ఎనిమిది మంది. ఇప్పుడు ఎవరికైనా పది నిమిషాలే, బల్ల మీద గడియారం పెడతాం. శాలువాలు లేవు. సత్కరించాలనుకుంటే వాళ్ళ పేరు రాసి లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వండి. దీనికి నొచ్చుకున్న పెద్దలూ ఉన్నారు. మిగతా సమయమంతా పిల్లల చదువు పోటీ, పాత ఫొటోల ప్రదర్శన, కొత్త పుస్తకాల పరిచయం.

హాలు చీటీల పాటకి, పార్టీ మీటింగుకి ఇస్తారా?

ఇవ్వం.

## వానలు, వరద

గోదారి పొంగితే లైబ్రరీ తీస్తారా? పుస్తకాలేం చేస్తారు?

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఎగరేస్తే లంకల్లోని పుస్తకాల పెట్టెలు వెనక్కి తెప్పిస్తాం. రెండోదానికి కింది రెండు అరలూ ఖాళీ చేసి పుస్తకాలు బల్లలమీదకి, ఆపైన అటక మీదకి. అన్నిటికంటే ముందు ఎక్కించేది పుస్తకాల రిజిస్టరు. అది పోతే మన దగ్గర ఏముందో ఎవరూ చెప్పలేరు. 1986 ఆగస్టు వరదని చూసిన పెద్దవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

మోతకి మనుషులు కావాలి. హెచ్చరిక వచ్చిన కబురు తెలిస్తే ఒక గంట వచ్చి సాయం పట్టండి. హాలుని పునరావాస కేంద్రంగా అడిగితే ఇచ్చేస్తాం, అప్పుడు చదువులు వసారాలోనే.

పుస్తకాలకి ముక్కిన వాసనొస్తోంది. శుభ్రం చెయ్యరా?

శ్రావణం నుంచి కార్తీకం దాకా ఆ వాసనతో యుద్ధమే. బీరువాలు గోడకి జానెడు ఎడంగా జరిపాం, ఎండ కాసిన పూట కిటికీలన్నీ తీస్తాం, అరల్లో నాఫ్తలీన్ గోళీలు, ఎండు వేపాకు పెడతాం. పుస్తకం నలుగురి చేతుల్లో తిరుగుతుంటే బూజు పట్టదు. వాసన కొట్టేవి ఏవో చూడండి, అవన్నీ ఎవరూ తీసుకోనివే.

## ఇవ్వాలనుకునేవాళ్ళకి

ఇంట్లో పాత పుస్తకాలు చాలా ఉన్నాయి. తెచ్చి పడేయమంటారా?

పడేయకండి, ముందు జాబితా పంపండి. కథలు, నవలలు, పిల్లల పుస్తకాలు, జీవిత చరిత్రలు, ఊరి చరిత్రలు, పాత పత్రికలు సంతోషంగా తీసుకుంటాం. పాత సిలబస్ గైడ్లు, డైరీలు, చెదపట్టినవి వద్దు. ఒక్క చెద పుస్తకం బీరువా మొత్తాన్ని తినేస్తుంది. తీసుకున్నవాటిలో మా దగ్గర ఇప్పటికే ఉన్నవైతే లంక పెట్టెల్లోకి, బడికి వెళ్తాయి. అందుకు ఒప్పుకుంటేనే ఇవ్వండి.

నాన్నగారి పేరు మీద బీరువా ఇద్దామనుకుంటున్నాం.

ఆయన జ్ఞాపకానికి దణ్ణం. బీరువాలు మాత్రం చాలా ఉన్నాయండి, హాల్లో మనుషులకే చోటు చాలట్లేదు. ఒక పిల్లల పత్రికకి ఏడాది చందా కట్టండి, ప్రతి సంచిక మీదా ఆయన పేరు వేస్తాం. లేదా చదువుకునే కళ్ళద్దాలు ఇప్పించండి. 1.5, 2, 2.5 నంబర్లవి కౌంటర్లో కొన్ని ఉంచాం, అద్దాలు లేక పేపరు దూరంగా పట్టుకుని తంటాలు పడే పెద్దవాళ్ళు అడిగి పెట్టుకుంటున్నారు. అవి తరచూ విరిగిపోతున్నాయి.

నేనో కవితల పుస్తకం వేశాను. ఇక్కడ ఆవిష్కరించి, లైబ్రరీలో పెడతారా?

రెండూ చేస్తాం. ఆవిష్కరణలో మీరు కనీసం మూడు కవితలు చదవాలి, పొగడ్తలు తక్కువ ఉండాలి. పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళకపోతే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) తీసుకోండి. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, డబ్బడిగే మధ్యవర్తులకి ఇవ్వకండి. 1954 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకీ ఒక్కో ప్రతి చేరాలి. చిన్న ప్రచురణకర్తలు చాలామంది దీన్ని మర్చిపోతారు. మాకు రెండు ప్రతులివ్వండి, ఒకటి హాల్లోకి, ఒకటి లంక పెట్టెలోకి.

మేం అమెరికాలో ఉంటున్నాం. డబ్బు పంపితే మీరే పుస్తకాలు కొంటారా?

డబ్బు చేతికి తీసుకోం. సూచనల పుస్తకంలో పాఠకులు అడిగినవాటి జాబితా ఫొటో తీసి పంపుతాం. అందులోంచి మీకు వీలైనవి పుస్తకాల షాపులో కొని నేరుగా లైబ్రరీ పేరుకి పంపించండి. చేరాక రిజిస్టరు నంబర్లతో రసీదు వస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఏ పుస్తకం ఎన్నిసార్లు ఇంటికెళ్ళిందో తారీఖుల చీటీ చూసుకోవచ్చు. ఒకటి గమనించండి, కనుమనాడు ప్రభల తీర్థానికి ఊరంతా వెళ్తుంది, ఆ రోజు తాళమే.